మీకు తెలుసా? ‘మామ మామ’లో ఆ చిలిపి గొంతు ఎవరిదో!

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. ఆ దారిన క్యాబ్‌లో వెళ్తుంటే ఎఫ్‌ఎంలో వినిపించే ‘మామ మామ’ పాట అంతకు 36 ఏళ్లు పెద్దది. 1962 నాటి ‘మంచి మనసులు’ సినిమాలోది. ఘంటసాలను అందరూ పోల్చుకుంటారు. ఆయనతో పోటీపడి పాడింది మాత్రం కె.జమునారాణి.

విశేషమేమిటంటే, ఇదే బాణీని ఆమె 1961లోనే తమిళ ‘కుముదం’లో టి.ఎం.సౌందరరాజన్‌తో పాడేశారు. రెండింటికీ సంగీతం కె.వి.మహదేవన్‌ది, తెలుగులో రాసింది కొసరాజు. అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక పక్క పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. అంత కొద్ది చోటులో విరుపు, ఊపు, అల్లరి అన్నీ వినిపించడం సామాన్యం కాదు. అయినా గాయనులు సుశీల, జానకిల వరసలో ఆమె పేరు రావాల్సినంతగా రాలేదు.

చిన్నపిల్లగా నాగయ్య ‘త్యాగయ్య’ (1946)లో పాడిన జమునారాణి సింహళ పాటలూ పాడారు. 1987లో ఇళయరాజా తమిళ ‘నాయకన్’లో ఎం.ఎస్.రాజేశ్వరితో కలిపి ఆమెచేత మళ్లీ పాడించారు.

మీ ఇంటి అటక మీద ఆమె రికార్డు ఉంటే పారేయకండి. డిజిటల్ చేయించండి, గాయని పేరు తప్పకుండా రాయండి.