పడిశానికి వంటింటి వైద్యం: బలమెంత, హద్దెక్కడ

పడిశం పది రోగాల పెట్టు అన్నది తెలుగునాట పాత సామెత. ప్రాంతాన్ని బట్టి పడిశమనీ, రొంప అనీ, జలుబు అనీ, సర్ది అనీ పిలిచే ఈ బాధ నిజానికి ఒకే రోగం కాదు. ముక్కు, గొంతుల లోపలి పొరను ఆశ్రయించే రెండు వందలకు పైగా వైరస్‌లలో ఏదో ఒకటి దీనికి కారణమవుతుంది. వాటిలో అధిక భాగం రైనోవైరస్‌లు. గ్రీకు భాషలో ముక్కుకు ఉన్న పేరు నుంచి వచ్చిన ఈ వర్గంలోనే నూట అరవై వరకు రకాలుండటం వల్ల, ఒక రకాన్ని ఎదుర్కోవడం శరీరం నేర్చుకునేలోగా మరొకటి వచ్చి పడుతుంది. ఒకే మనిషికి ఏడాదిలో రెండు మూడు సార్లు జలుబు చేయడానికి కారణం ఇదే.

ఫ్లూ అని వ్యవహరించే ఇన్‌ఫ్లుయెంజా దీనికి దగ్గరి చుట్టంలా కనిపించినా వేరే జబ్బు. దీన్ని కలిగించే వైరస్‌ను మనుషుల నుంచి మొదటిసారి వేరుచేసినది 1933లో లండన్ శాస్త్రజ్ఞులు. జలుబు గొంతు గరగరతో, తుమ్ములతో మెల్లగా మొదలై వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. ఫ్లూ మాత్రం హఠాత్తుగా వచ్చే తీవ్ర జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి, లేవలేని నీరసంతో మనిషిని మంచాన పడేస్తుంది. భారతదేశంలో ఇది ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానల కాలంలోనూ ఆ తరువాతా మరొకసారి పెచ్చుమీరుతుంది.

ఇంటి వైద్యాన్ని అంచనా వేయడానికి ముందు ఒక విషయం స్పష్టం కావాలి. మిరియాలు గానీ, శొంఠి గానీ, పసుపు గానీ శరీరంలో చేరిన వైరస్‌ను చంపుతాయనడానికి ఆధారం లేదు. ఆ పని చేసేది శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే. జలుబు మందు వేసుకుంటే వారంలోనూ, వేసుకోకపోతే ఏడు రోజుల్లోనూ తగ్గుతుందన్న లోకోక్తిలోని సత్యం ఇదే. అయితే ఆ ఏడు రోజులు రోగి ఎలా గడుపుతాడు, ఎంత సుఖంగా నిద్రపోతాడు, ఎంత ద్రవం, ఎంత ఆహారం లోపలికి వెళుతుంది అన్నవి చిన్న విషయాలు కావు, వంటింటి వైద్యం విలువ అంతా అక్కడే ఉంది.

మిరియాల చారునే తీసుకుంటే, అందులో చేరిన ప్రతిదానికీ ఒక పని ఉంది. మిరియాలలోని పైపరిన్ అనే ఘాటు పదార్థం ముక్కు నుంచి, నోటి నుంచి స్రావాలను పెంచి చిక్కబడిన శ్లేష్మాన్ని పలచబరుస్తుంది. వేడి నీరు గొంతుకు ఉపశమనమిస్తుంది. ఉప్పు, నీరు జ్వరంలో చెమటగా పోయిన వాటిని కొంతవరకు భర్తీ చేస్తాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో 2008లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో, వేడి పండ్ల పానీయం తాగినవారికి తుమ్ములు, దగ్గు, గొంతునొప్పి, చలి, అలసటల నుంచి వెంటనే ఉపశమనం కలిగింది. ముక్కులో గాలి ప్రవాహాన్ని కొలిచి చూస్తే మాత్రం మార్పేమీ కనిపించలేదు. చారు తాగినప్పుడు కలిగే హాయి కూడా ఈ కోవకు చెందినదే.

శొంఠి లేని కషాయం లేదంటారు. పచ్చి అల్లంలోని జింజిరాల్ అనే పదార్థం ఎండేటప్పుడు షోగాల్‌గా మారుతుంది. అల్లం కంటే శొంఠి ఘాటుగా ఉండటానికి కారణం ఈ మార్పే. శొంఠి, మిరియాలు, పిప్పళ్ల కలయికను ఆయుర్వేదం త్రికటువు, అంటే మూడు కారాలు, అని పిలుస్తుంది. దగ్గుకు వాడే అడ్డసరం ఆకు కథ మరింత ఆసక్తికరం: అందులోని వాసిసిన్ అనే క్షారకాన్ని ఆధారంగా చేసుకుని తయారైనదే, నేటి దగ్గు సిరప్‌లలో కఫాన్ని పలచబరచేందుకు వాడే బ్రోమ్‌హెక్సిన్. అయితే వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది కనుక గర్భిణులు అడ్డసరాన్ని వాడకూడదు.

రాత్రి దగ్గుకు పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇవ్వడాన్ని పిల్లలపై జరిగిన పరీక్షలు కూడా సమర్థించాయి. కానీ ఏడాది నిండని శిశువుకు తేనె నాకించడం ప్రమాదకరం, ఎందుకంటే తేనెలో ఉండగల కొన్ని బాక్టీరియా బీజాలు పసివారి పేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే బోటులిజం అనే విషజబ్బును కలిగించగలవు. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించడం గొంతు వాపుకు చవకైన, నిరపాయమైన ఉపాయం. నొప్పి బామ్‌లలోని మెంథాల్ ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నాడులను ప్రేరేపించి ఊపిరి తేలికగా ఆడుతున్న భావన కలిగిస్తుందే తప్ప, మూసుకున్న దారిని తెరవదు.

కొన్ని అలవాట్లు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి. ఆవిరి పట్టడం కాసేపు హాయినిచ్చినా జబ్బు కాలాన్ని తగ్గిస్తుందని పరీక్షల్లో నిలకడగా రుజువు కాలేదు. మరుగుతున్న గిన్నె ఒలికి పిల్లలు కాలిన సంఘటనలు మాత్రం ఆసుపత్రులకు సుపరిచితం. పసిపిల్లల ముక్కు దగ్గర కర్పూరం రుద్దకూడదు. అది కొంచెం కడుపులోకి వెళ్లినా మూర్ఛలు రావచ్చు. లంఖణం పరమౌషధమన్న మాటను పస్తుగా కాక, జావ, చారన్నం వంటి తేలికపాటి ఆహారంగా అర్థం చేసుకోవడం మేలు. యాంటీబయాటిక్‌లు వైరస్‌పై పనిచేయవు. జ్వరం ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే అరుదైన రేయ్ సిండ్రోమ్ రావచ్చు.

వంటింటి హద్దు ఎక్కడ ముగుస్తుందో తెలిసి ఉండటమే ఈ వైద్యంలో అసలైన నేర్పు. ఊపిరి ఆడకపోవడం, ఛాతీనొప్పి, మగత, శిశువు పాలు తాగకపోవడం, మూత్రం తగ్గడం, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం, ఈ లక్షణాలలో ఏది కనిపించినా కషాయంతో కాలయాపన చేయరాదు. గర్భిణులు, వృద్ధులు, ఐదేళ్లలోపు పిల్లలు, మధుమేహం, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారు ఫ్లూ అనిపించగానే వైద్యుణ్ణి కలవాలి, ఎందుకంటే ఓసెల్టమివిర్ వంటి మందులు మొదటి 48 గంటల్లో మొదలుపెట్టినప్పుడే బాగా పనిచేస్తాయి. సబ్బుతో చేతులు కడుక్కోవడం, తుమ్మేటప్పుడు మోచేతిని అడ్డుపెట్టుకోవడం, ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం జబ్బు రాకుండా చూసే మార్గాలు; వచ్చిన తరువాత పొయ్యి మీద మరిగే చారు రోగికి తోడు మాత్రమే, వైద్యుడికి బదులు కాదు.