అజేయతకు పరీక్ష

ఓటమి ఎరుగని వీరుడంటే లోకానికి ఆరాధన. పది పోటీలలో దిగి పదీ గెలిచినవానికి జనం జేజేలు పలుకుతారు. ఆ పది గెలుపులూ ఎవరిమీద సాధించినవన్న ప్రశ్న మాత్రం వెంటనే పుట్టదు. ‘చెట్టు లేని ఊళ్లో ఆముదపు చెట్టే మహావృక్షం’ అన్న సామెతను మన పెద్దలు ఊరకే చెప్పలేదు. ప్రత్యర్థి బలాన్ని గమనింపక విజయాల సంఖ్యను మాత్రమే లెక్కపెట్టడం, నాణేల విలువ చూడకుండా వాటి సంఖ్య చెప్పి సంపన్నుడనుకోవడం వంటిది. నేర్పు గలిగి, అంతవరకు పరాజయమెరుగని ముష్టియోధుడు తన గెలుపునకు ముప్పు తేగల ప్రత్యర్థులను ఎదుర్కోవాలా? లేక చేజిక్కిన కీర్తిని పదిలంగా కాపాడుకోవాలా? క్రీడాలోకంలో ఇది చిరకాలంగా నలుగుతున్న ప్రశ్న.

ఈ ప్రశ్న ఎందుకు పుడుతుందో తెలియాలంటే బాక్సింగ్ పద్ధతిని కొంత తెలుసుకోవాలి. అందులో రెండు మార్గాలున్నాయి. ఒలింపిక్ క్రీడలు, ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనవి మొదటి మార్గానికి చెందినవి. అక్కడ మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు జరుగుతాయి. ఐదుగురు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. ఎవరితో ఎవరు తలపడాలో ‘డ్రా’ నిర్ణయిస్తుంది. కనుక ప్రత్యర్థిని ఎంచుకొనే అవకాశం క్రీడాకారునికి ఉండదు.

రెండవది వృత్తి బాక్సింగ్. అక్కడ పోటీలను నిర్వాహకులు కుదురుస్తారు. ఎవరితో పోరాడాలి, ఎప్పుడు పోరాడాలి, ఎంత పారితోషికానికి పోరాడాలి అన్నవన్నీ బేరసారాలతో తేలుతాయి. యోధుని పేరు పక్కన అతని గెలుపులను, ఓటములను అంకెలలో వేస్తారు. ఓటముల గడిలో సున్న ఉన్నంతకాలం అతనికి ఆకర్షణ ఎక్కువ, పారితోషికం ఎక్కువ. అందువల్ల ఆ సున్నను కాపాడుకోవాలన్న ఆశ సహజంగానే కలుగుతుంది. ఈ బలహీనతను కనిపెట్టే, టైటిళ్లను ఇచ్చే సంస్థలు ఒక నియమం పెట్టాయి. టైటిల్ గల యోధుడు నిర్ణీతకాలంలో సంస్థ ఎంపిక చేసిన సవాలుదారుతో తలపడాలి. తగిన కారణం లేకుండా తప్పించుకొంటే టైటిల్‌ను వదులుకోవలసి రావచ్చు.

కీర్తిని కాపాడుకోవాలనే వారి వాదనను తేలికగా తోసిపుచ్చరాదు. ముష్టియుద్ధం చదరంగం వంటిది కాదు. అందులో తలకు తగిలే దెబ్బ ఆనాటితో పోదు. మెదడుపై దాని ప్రభావం ఏళ్ల తరువాత బయటపడవచ్చు. పైగా యోధుని క్రీడాజీవితం స్వల్పం. ఆ కొద్ది ఏళ్లలో సంపాదించినదే కుటుంబానికి ఆధారం. అమెరికాకు చెందిన రాకీ మార్సియానో 49 పోటీలలోనూ గెలిచి, 1956లో ఓటమి ఎరుగకుండానే విరమించాడు. ఫ్లాయిడ్ మేవెదర్ 2017 నాటికి 50 విజయాలు సాధించాడు. లోకం నేటికీ వారిని తలుస్తున్నది.

అయితే మహమ్మద్ అలీ చరిత్ర మరొక పాఠం చెబుతుంది. 1971లో జో ఫ్రేజియర్‌తో తలపడేనాటికి అలీకి ఓటమి లేదు, ఫ్రేజియర్‌కూ లేదు. ఆ పోరులో అలీ ఓడిపోయాడు. 1974లోను, 1975లోను అదే ఫ్రేజియర్‌ను జయించాడు. 1974లోనే కిన్షాసా నగరంలో, అంతవరకు పరాజయమెరుగని జార్జి ఫోర్‌మన్‌ను పడగొట్టాడు. మొత్తంమీద అలీ 61 పోటీలలో 56 గెలిచి, ఐదింటిలో ఓడిపోయాడు. ఆ ఐదు ఓటములను చూసి అతనిని తక్కువవాడని అన్నవారు లేరు. అతడు ఎవరితో తలపడ్డాడో లోకానికి తెలుసు కనుక అతని విజయాలకు విలువ వచ్చింది.

మన దేశంలో విజేందర్ సింగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం పొందాడు. 2015లో వృత్తి బాక్సింగ్‌లో ప్రవేశించి వరుసగా పన్నెండు పోటీలు గెలిచాడు. 2021 మార్చిలో గోవాలో రష్యా యోధుడు ఆర్తిష్ లోప్సాన్ చేతిలో తొలిసారి ఓడిపోయాడు. సున్న చెరిగింది, ఆట ముగియలేదు. 2022 ఆగస్టులో రాయపూర్‌లో మళ్లీ బరిలో దిగి గెలిచాడు.

జరగని పోరు ఎంతటి సందేహాన్ని మిగుల్చుతుందో మహాభారతం చెబుతుంది. ద్రోణుని శిష్యులు తమ అస్త్రవిద్యను ప్రదర్శించిన రంగస్థలంలో అర్జునుని నేర్పును చూసి సభ అంతా అబ్బురపడింది. అప్పుడు కర్ణుడు ముందుకు వచ్చాడు. అర్జునుడు చూపిన విద్యలన్నీ తానూ చూపి, ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. అర్జునుడు వెనుదీయలేదు. కాని కృపాచార్యుడు కర్ణుని కులగోత్రాలు అడిగాడు. దుర్యోధనుడు అప్పటికప్పుడు అతనిని అంగరాజ్యానికి రాజును చేశాడు. ఇంతలో వాదప్రతివాదాలు పెరిగి, ప్రొద్దు గుంకింది. పోరు జరగలేదు. ఇద్దరిలో ఎవరు మిన్న అన్న సందేహం మాత్రం సభతోపాటు ఇంటికి వెళ్లింది. కర్ణునివంటి విలుకాడు లేడేమో అన్న భయం ధర్మరాజు మనస్సులో పాతుకుపోయింది. ఆ నాడు తేలవలసినది ఆ నాడు తేలలేదు. పోటీని ఆపినది నేర్పుకు సంబంధించిన కారణం కాకపోవడం ఇక్కడ గమనింపదగినది.

సాహిత్యరంగంలోనూ ఇటువంటి ఘట్టం ఒకటి ప్రసిద్ధం. పదిహేనవ శతాబ్దంలో విజయనగర ప్రభువు ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడ డిండిమభట్టు అనే మహాపండితుడు ఉండేవాడు. అతని కంచుఢక్క అతని అజేయతకు గుర్తు. తెలుగు కవి శ్రీనాథుడు ఆ సభకు వెళ్లి, వాదంలో అతనిని ఓడించి, ఆ ఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకమూ కవిసార్వభౌమ బిరుదమూ పొందినట్లు సాహిత్య చరిత్ర చెబుతున్నది. శ్రీనాథుడు చిన్నపాటి పండితులను ఓడించి తృప్తిపడి ఉంటే ఆ బిరుదు దక్కేది కాదు. డిండిమభట్టు సంగతి కూడా ఆలోచింపదగినదే. విజయఢక్క మోగించడమంటే వచ్చిన వారితో వాదిస్తానని మాట ఇవ్వడమే. అతడు ఆ మాట నిలుపుకొన్నాడు. పగిలినది ఢక్క, పాండిత్యం కాదు.

ఈ విషయానికి సమీపకాలంలో తెలంగాణ గడ్డమీదనే చక్కని ఉదాహరణ ఉంది. నిజామాబాదులో 1996లో జన్మించిన నిఖత్ జరీన్ బాల్యంలోనే బాక్సింగ్ వైపు మళ్లింది. అప్పట్లో అక్కడ ఆ ఆట నేర్చుకొనే బాలికలు దాదాపు లేకపోవడంతో బాలురతోనే సాధన చేసింది. తనకంటె బలవంతులతో తలపడే అలవాటు ఆమెకు ఆ విధంగా మొదటినుంచే ఏర్పడింది. 2011లో టర్కీలో జరిగిన పోటీలలో జూనియర్ ప్రపంచ విజేత అయింది.

2019లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో మన దేశం నుంచి ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చింది. ఆ విభాగంలో మేరీ కోమ్ ఉన్నది. ఆమె అప్పటికే ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్య పతక గ్రహీత. ఆమెను ఎంపిక పోటీ లేకుండానే పంపాలన్న ఆలోచన జరిగింది. తనకు పోటీపడే అవకాశం ఇవ్వాలని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ వ్రాసింది. చివరకు ఎంపిక పోటీలు జరపాలని నిర్ణయమైంది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఇద్దరూ తలపడ్డారు. 37 ఏళ్ల మేరీ కోమ్ 9–1 తేడాతో 23 ఏళ్ల నిఖత్‌ను ఓడించింది.

పైకి చూస్తే నిఖత్ కోరి తెచ్చుకొన్న ఓటమి అది. నిజానికి ఆ పోరు ఇద్దరికీ మేలు చేసింది. మేరీ కోమ్ ఎంపికపై ఎవరికీ సందేహం లేకుండా పోయింది. అది లేఖలవల్ల గాక బరిలో తేలింది. నిఖత్‌కు తన కొరత ఎక్కడున్నదో తెలిసింది. 2021లో ఇస్తాంబుల్ పోటీలలో, రెండుసార్లు ప్రపంచ విజేత అయిన కజకిస్తాన్ క్రీడాకారిణి నాజిమ్ కైజాయిబేను ఓడించింది. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో టోక్యో రజత పతక విజేత, టర్కీకి చెందిన బుసె నాజ్ చాకిరోగ్లును జయించింది. అదే ఏడాది మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ క్రీడాకారిణి జుటామస్ జిట్‌పాంగ్‌పై 5–0తో గెలిచి 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మరల ఆ ఘనత సాధించింది.

ఇంత సాధించిన నిఖత్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండవ పోరులోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో 0–5తో ఓడిపోయింది. ఆ వూ యూ తరువాత స్వర్ణ పతకం గెలిచింది. ‘తాడిని తన్నేవాడుంటే వాని తలదన్నేవాడుంటాడు’ అన్న మాట బరిలో నిత్యసత్యం. ఎవరినీ తప్పించుకొనక పోరాడేవారికి ఇటువంటి రోజులూ తప్పవు.

ఇంతమాత్రాన ప్రతి ప్రమాదాన్నీ ఆహ్వానించాలని అర్థం కాదు. ప్రమాదాలు రెండు విధాలు. ఒకటి గెలుపుకు కలిగే ప్రమాదం. రెండవది దేహానికి కలిగే ప్రమాదం. మొదటిదానికి యోధుడు సిద్ధపడాలి. రెండవదానిని వీలైనంత తగ్గించుకోవాలి. బాక్సింగ్‌లో బరువును బట్టి విభాగాలు ఏర్పరచడం, పోటీకి ముందు వైద్యపరీక్ష జరపడం, ఒకరు తట్టుకోలేని స్థితిలో ఉంటే రిఫరీ పోటీని ఆపడం, శిష్యుని క్షేమం కోసం శిక్షకుడు తువాలు విసిరి ఓటమిని అంగీకరించడం – ఇవన్నీ ఈ వివేకం నుంచి పుట్టిన ఏర్పాట్లే. నిఖత్ కోరినది కూడా తన బరువు విభాగంలోనే, నియమబద్ధమైన పోటీని. గాయం మానకముందే బరిలో దిగడం, నాలుగు మెట్లు ఒక్కసారిగా ఎక్కబోవడం సాహసం కాదు, అవివేకం. నేర్పరియైన శిక్షకుడు ప్రతిసారి కొంచెం బలమైన ప్రత్యర్థిని చూపుతాడు. మొదట పొడవైన చేతులు గలవానిని, తరువాత ఎడమచేతి వాటం గలవానిని, ఆ తరువాత గట్టి పిడికిలి గలవానిని ఎదుర్కొన్నవాడు చివరకు ఎవరికైనా సిద్ధంగా ఉంటాడు. ఎల్లకాలం బలహీనులనే ఓడించినవానికి తన లోపాలు తెలియవు. తెలియని లోపం దిద్దుకొనడం ఎవరి తరమూ కాదు.

ఈ ధర్మం చదువుకూ వర్తిస్తుంది. 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, ఆ తరువాత మహబూబాబాదు జిల్లాలో చేరిన మరిపెడ వంటి మండల కేంద్రంలో ఒక విద్యార్థి తన కళాశాలలో ఎప్పుడూ ప్రథమ స్థానంలో ఉంటాడనుకొందాం. ఊరంతా అతనిని మెచ్చుకొంటుంది. రాష్ట్రస్థాయి ప్రవేశ పరీక్ష వ్రాస్తే ఆ ప్రథమ స్థానం దక్కకపోవచ్చు. ఆ భయంతో అతడు దరఖాస్తే చేయకపోతే ఊరిలో పేరు నిలుస్తుంది. కాని తన శక్తి ఎంతో అతనికి ఎన్నటికీ తెలియదు. పరీక్ష వ్రాసి ఐదువేల స్థానంలో నిలిచినవానికి ఏ పాఠంలో ఎంత వెనుకబడినదీ తెలుస్తుంది. రెండవసారి ఎక్కడ శ్రమించాలో తెలుస్తుంది.

కాబట్టి నేర్పు గల అజేయుడు తగిన సాధన చేసి, దేహరక్షణకు తగిన జాగ్రత్తలు తీసుకొని, తనను ఓడించగల ప్రత్యర్థిని ఎదుర్కొనడమే ఉచితం. అందులో గెలిస్తే అతని అజేయతకు అర్థం వస్తుంది. ఓడితే తన నేర్పులోని కొరత తెలిసివస్తుంది. ఈ రెండింటిలో ఏది లభించినా అతడు బరిలో దిగకముందుకంటె మెరుగైన యోధుడే అవుతాడు.