కొన్ని చోట్ల జల్లులు

వేసవి సూచనల్లో "కొన్ని చోట్ల ఉరుములతో కూడిన జల్లులు" అని వింటుంటారు. పక్క ఊరు తడిసి మన చేను పొడిగా ఉంటే, సూచన తప్పిందనుకుంటాం. వాతావరణ శాఖ వారికి ఆ మాటకొక లెక్క ఉంది. నూరు కేంద్రాల్లో 26 నుంచి 50 చోట్ల వాన పడితే "కొన్ని చోట్ల". "ఒకటి రెండు చోట్ల" అంటే 25కు మించదు.

ఏప్రిల్, మే నెలల్లో నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది. సముద్రపు తేమ తోడైతే సాయంత్రానికి మేఘం నిలువునా పెరుగుతుంది. దాని కిందనున్న పల్లెకే వాన. మన కోలారు, హోసూరు సీమ 800 మీటర్లకు పైన ఉంది గనుక బళ్లారి అంత ఎండ కాయదు. జల్లు పడితే మరీ చల్లన. వీటినే మామిడి జల్లులంటారు. కాయకు మేలే, వడగళ్లు పడకపోతే.

పిడుగు మాత్రం వాన పడనిచోటా పడుతుంది. మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టండి. సుమారు మూడు సెకన్లకు కిలోమీటరు దూరం. (మా బడిపిల్లలకు ఇదొక ఆట.) ముప్పై లోపే ఉరిమితే చెట్టు కింద నిలబడక పక్కా ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగండి. కాయలు కోసే కూలీలకూ ఈ మాట చెప్పండి. వాళ్లుండేది చెట్ల కిందే, చేతిలో పొడవాటి చిక్కపుగెడతో.