పుస్తకంలో లేని ఆదేశాలు

నోటు వ్రాయించుకోకుండా ఇచ్చిన అప్పు చాలాసార్లు సక్రమంగానే తిరిగి వస్తుంది. రాని రోజున మాత్రం చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే మన పిల్లలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

కంప్యూటరుకు మెదడు వంటిది ప్రాసెసర్. ఏ ఆదేశానికి అది ఏ పని చేస్తుందో తయారీదారులు ఒక పుస్తకంలో ప్రకటిస్తారు. 1975లో ఎం.ఓ.ఎస్. టెక్నాలజీ సంస్థ విడుదల చేసిన 6502 ప్రాసెసర్‌నే తీసుకుందాం. ఆదేశాల కోసం అందులో 256 సంకేత సంఖ్యలకు చోటున్నది. పుస్తకంలో వివరించినవి 151 మాత్రమే. మిగిలిన 105 సంఖ్యలను పట్టి ఆపే ఏర్పాటు లేదు. లోపలి వలయాలు తమకు తోచిన పని చేసేస్తాయి.

ఉదాహరణకు, 165వ సంఖ్య ఒక అంకెను ‘ఎ’ అనే అరలో వేస్తుంది. 166 దానిని ‘ఎక్స్’ అనే అరలో వేస్తుంది. పుస్తకంలో లేని 167 ఇస్తే రెండు అరలలోనూ ఒకేసారి పడుతుంది! ఒక ఆదేశంతో రెండు పనులు. మెమరీ బహు కొద్దిగా ఉండే ఆ రోజుల్లో ఇది పెద్ద ఆదా. అందుకే ఆటల ప్రోగ్రాములు వ్రాసేవారు కొందరు ఇటువంటివి వాడుకున్నారు.

అయితే అన్నీ ఇంత సాధువులు కావు. 12 సంఖ్యలు యంత్రాన్ని బిగుసుకుపోయేలా చేస్తాయి. రీసెట్ చేస్తే తప్ప కదలదు. 139వ సంఖ్య ఫలితం ఒక చిప్‌లో ఒకలాగా, మరొక చిప్‌లో మరొకలాగా వస్తుంది.

అసలు చిక్కు తరువాత వచ్చింది. మెరుగుపరచిన 65సి02 ప్రాసెసర్‌లో ఆ ఖాళీ సంఖ్యలు కొన్నింటికి కొత్త పనులు అప్పగించి, తక్కినవాటిని ఏ పనీ చేయని ఆదేశాలుగా మార్చారు. 1984లో వచ్చిన ఆపిల్ 2సి కంప్యూటరులో ఈ ప్రాసెసర్ ఉన్నది. పాత దొంగదారి నమ్ముకున్న ప్రోగ్రాములు దానిపై సరిగా నడవలేదు. తయారీదారును నిందించే వీలు లేదు. ఆయన ఇవ్వని మాటను తప్పలేదు కదా!

నష్టపోయింది డబ్బు పెట్టి ప్రోగ్రాము కొనుక్కున్నవారు. లోపల ఏ సంఖ్య వాడారో వారికి తెలిసే అవకాశమే లేదు.

కనుక పిల్లలకు చెప్పవలసినది ఇంతే. కుతూహలం కోసం ఇంట్లో పరీక్షించి చూడండి, తప్పు లేదు. ఇతరులు ఆధారపడే పనిలో మాత్రం పుస్తకంలో ఉన్నదే వాడండి. ఇవాళ నడుస్తున్నది కదా అన్నది హామీ కాదు.