సైకిలు బాట ఎవరికోసం?

పిల్లలూ! మీలో సైకిలు ఉన్నవారు రాత్రిపూట దాన్ని ఎక్కడ పెడతారు? వసారాలోనో, మెట్ల కిందనో పెట్టి తాళం వేస్తారు కదూ? మరి వసారా లేని ఇల్లయితే? రెండు గదుల్లో ఆరుగురు కాపురం ఉంటే? ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని సైకిళ్లకు పేరుపడిన ఒక మహానగరంలో పేదవారికి ఇదే పెద్ద చిక్కు అయింది.

ఆ నగరం పేరు పోర్ట్‌లండ్. అమెరికాకు పడమటి దిక్కున, ఆరిగన్ రాష్ట్రంలో ఉన్నది. అక్కడ అనేక వీధుల్లో రోడ్డువారగా తెల్లగీత గీసి, గీతకు అవతలి జాగాను సైకిళ్లకు విడిచిపెట్టారు. ఇక తొక్కటానికి అడ్డేమిటి?

అదే తెలుసుకోవటానికి 2009లో కమ్యూనిటీ సైక్లింగ్ సెంటర్ అనే సంస్థ బయలుదేరింది. నల్లవారూ, ఇతర దేశాలనుంచి వచ్చి స్థిరపడినవారూ ఉండే పేటలకు వెళ్లి అడిగింది. సైకిలు తొక్కాలనే కోరిక వారికి లేకపోలేదు. కాని సైకిలు ఖరీదు ఎక్కువ. ఎలాగో కొన్నా, దొంగల భయం లేకుండా పెట్టుకునే చోటు లేదు. పాడైతే బాగుచేయించుకోవటమూ కష్టమే. పిల్లలను బళ్ల మధ్యకు పంపటానికి తల్లులకు ధైర్యం చాలదు. ఇదంతా విన్న తరవాత న్యూ కొలంబియా అనే పేటలో సైకిళ్లు బాగుచేసే కేంద్రం వెలిసింది. గీత గీసినంత మాత్రాన ఇది జరిగేది కాదు.

గీతవల్లనే పెద్ద తగవు వచ్చిన వీధి కూడా ఆ ఊళ్లో ఉన్నది. అది విలియమ్స్ వీధి. ఈ వీధి ఆల్బైనా అనే ప్రాంతంలోది. ఒకప్పుడు ఊళ్లో మరోచోట నల్లవారికి ఇళ్లు అమ్మేవారు కారు. అందుచేత 1960 నాటికి అక్కడి నల్లవారిలో ప్రతి అయిదుగురిలో నలుగురు ఆల్బైనాలోనే ఉండేవారు. అక్కడైనా వారిని నిలవనిచ్చారా? ఒక క్రీడామందిరం కోసం కొన్ని వందల ఇళ్లు పడగొట్టారు. తరవాత రాజమార్గం కోసం మరికొన్ని పోయినవి. 1970 తరవాత ఆస్పత్రిని పెంచుతామని ఇంకా కొన్ని కూల్చారు. తీరా డబ్బు చాలక, ఆ జాగాలో చాలా భాగం ఏళ్లతరబడి ఖాళీగా పడివున్నది! క్రమంగా అద్దెలు పెరిగినవి. కొత్తగా తెల్లవారు వచ్చి చేరారు. వారిలో సైకిలు తొక్కేవారు ఎక్కువ.

2011లో నగరంవారు విలియమ్స్ వీధిలో సైకిలు బాటను వెడల్పు చేస్తామన్నారు. ఆలోచన మంచిదే. కాని దానికోసం ఏర్పడిన సంఘంలో ఎక్కువమంది తెల్లవారే. పాత కాపురస్థులకు కోపం రాదా మరి? వీధి దాటటం ప్రమాదంగా ఉన్నదని తాము మొత్తుకున్నప్పుడు విననివారికి, కొత్తవారు రాగానే డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని వారు నిలదీశారు. నగరంవారు పని ఆపి, సంఘంలో నల్లవారిని మరికొందరిని చేర్చుకుని, మళ్లీ మొదటినుంచి మాట్లాడారు.

చివరకు 2014లో బాట పూర్తి అయింది. దానిలో ఒక చమత్కారం ఉన్నది. అమెరికాలో బళ్లు రోడ్డుకు కుడివైపున పోతవి. బస్సులు ఆగేది కూడా కుడి అంచునే. సైకిలు బాట కూడా అక్కడే ఉండటంచేత బస్సు ఆగినప్పుడల్లా సైకిలుకు అడ్డం వచ్చేది. సైకిలు బస్సును దాటేది, మరుక్షణం బస్సు సైకిలును దాటేది! విలియమ్స్ వీధిలో బళ్లన్నీ ఒకే దిక్కుకు పోతవి కనక, సైకిలు బాటను ఎడమ అంచుకు మార్చారు. దానితో ఈ దోబూచులాట తప్పింది. నడిచి దాటేవారికి కూడా సౌకర్యాలు చేశారు. ఆ వీధిలోని నల్లవారి చరిత్ర తెలిపే చిత్ర ఫలకాలు తరవాత అక్కడ వెలిసినవి.

అయితే బాట వచ్చేనాటికే పాత కుటుంబాలు అనేకం నగరానికి తూర్పు చివరకు తరలిపోయినవి. అక్కడి పెద్దరోడ్లు చాలా వెడల్పు. వాటిమీద కార్లు మహావేగంగా పోతవి. చాలా చోట్ల నడిచేవారికి కాలిబాట కూడా లేదు.