‘సర్వర్ డౌన్’ అంటే ఏది డౌన్? దాన్ని నిలబెట్టే పని నేర్చుకోవాలంటే ఏం చేయాలి?

గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తెచ్చిన రైతు, సీసీఐ కేంద్రంలో పత్తి అమ్మడానికి స్లాట్ కోసం చూస్తున్న రైతు, సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రం కోసం నిలబడ్డ విద్యార్థి... ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు వినిపించే మాట ఇది: ‘సర్వర్ డౌన్. మళ్లీ రండి.’

ఆ మాట వెనుక ఏం జరుగుతుంది? దాన్ని సరిచేసేది ఎవరు? గుంటూరు, ఒంగోలు వైపు చదువుకున్నవారు ఆ పని నేర్చుకోవాలంటే దారి ఏమిటి?

మన పనులు ఏ సర్వర్ల మీద ఆధారపడ్డాయి?

2016 ఏప్రిల్ 14న కేంద్రం ప్రారంభించిన ఈ-నామ్‌లో గుంటూరు మిర్చి యార్డు కూడా ఉంది. ఈ విధానంలో గేటు దగ్గర సరుకు నమోదు, లాట్ నంబరు, బిడ్డింగ్, బిల్లు అన్నీ ఆన్‌లైన్‌లోనే. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే 2025 నుంచి సీసీఐ ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదు చేసుకోవాలి. ఇక 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ ద్వారా రాష్ట్ర ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి.

అంటే యార్డులో కాటా పడాలన్నా, పత్రం చేతికి రావాలన్నా ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న యంత్రం సరిగా పనిచేయాలి.

అసలు ‘డౌన్’ అయ్యేది ఏమిటి?

చాలాసార్లు సర్వర్ నడుస్తూనే ఉంటుంది. తేడా ఇంకెక్కడో ఉంటుంది. తెర మీద కనిపించే సందేశాన్ని బట్టి మీరే కొంత పసిగట్టవచ్చు.

- ‘సైట్ దొరకలేదు’ అని వస్తే: మీ ఇంటర్నెట్ పోయి ఉండొచ్చు. లేదా వెబ్‌సైట్ పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్‌లో సమస్య. వేరే నెట్‌వర్క్‌లో తెరిచి చూడండి.
- 503 కనిపిస్తే: ఆ సేవ ప్రస్తుతానికి అందుబాటులో లేదు. ఒకేసారి ఎక్కువమంది రావడం వల్ల గానీ, మరమ్మతుల వల్ల గానీ ఇలా జరగొచ్చు.
- 504 కనిపిస్తే: ముందున్న సర్వర్ బాగానే ఉంది. దాని వెనుక ఉన్న మరో సర్వర్ సమయానికి జవాబివ్వలేదు. దరఖాస్తు పోర్టల్ పనిచేస్తున్నా, అది సంప్రదించే ఆధార్ ధ్రువీకరణో, డేటాబేసో ఆలస్యమైతే పరిస్థితి ఇదే.
- ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తే: సైట్ భద్రతా సర్టిఫికెట్ గడువు దాటి ఉండొచ్చు. అలాంటప్పుడు బ్యాంకు వివరాలు, ఓటీపీ ఇవ్వొద్దు.

బయటికి కనిపించని కారణం మరొకటుంది: డిస్క్ నిండిపోవడం. సర్వర్ తాను చేసే ప్రతి పనినీ ‘లాగ్’ అనే ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైళ్లు పెరిగి ఖాళీ లేకపోతే డేటాబేస్ కొత్త నమోదులు తీసుకోదు. అలాగని లాగ్‌లను ఇష్టమొచ్చినట్టు తుడిచేయడానికీ లేదు. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాటిని 180 రోజులు భద్రపరచాలి. నిర్దేశించిన సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. ఎంత డిస్క్ కావాలో, పాత లాగ్‌లను ఎప్పుడు కుదించి పక్కకు పెట్టాలో ముందే లెక్కవేసేది సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్.

యూనిక్స్, లినక్స్ ఎందుకు నేర్చుకోవాలి?

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాని రూపకర్తలు. ఒకే యంత్రాన్ని చాలామంది వాడుకోవడం, ఎవరికి ఎంత అనుమతి ఉండాలో విడగొట్టడం, చిన్న చిన్న ఆదేశాలను కలిపి పెద్ద పని చేయించడం దాని పద్ధతి. అదే పద్ధతిలో 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టారు. నేడు ప్రపంచంలోని వెబ్ సర్వర్లలో అధిక భాగం ఈ కుటుంబానివే.

ఈ సర్వర్లకు సాధారణంగా తెర, మౌస్ ఉండవు. ఎస్ఎస్‌హెచ్ అనే భద్రమైన దారిలో దూరం నుంచే ప్రవేశించి, ఆదేశాలు టైప్ చేసి పని చేయించాలి. అందుకే గుంటూరులో కూర్చుని ముంబైలోని సర్వర్‌ను చూసుకోవడం సాధ్యం.

శిక్షణలో ఏం ఉండాలి?

యూజర్లు, అనుమతులు, డిస్కులు, ఫైల్ వ్యవస్థలు, ఐపీ చిరునామాలు, డీఎన్ఎస్, ఫైర్‌వాల్, సేవలను ప్రారంభించడం, ఆపడం, వేళకు వాటంతట అవే జరగాల్సిన పనులు, భద్రతా అప్‌డేట్లు, బ్యాకప్. చివరిది చాలాచోట్ల సగమే నేర్పుతారు. బ్యాకప్ తీయడంతో పని అయిపోదు. దాని నుంచి డేటాను తిరిగి రాబట్టి చూస్తేనే అది పనికొస్తుందో లేదో తెలుస్తుంది.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

పదో తరగతి పూర్తయినవారికి ఐటీఐల్లో ఏడాది కాలపు ‘కోపా’ ట్రేడ్ ఉంది. ఇది కంప్యూటర్ పునాది మాత్రమే, సర్వర్ పని విడిగా నేర్చుకోవాలి. ఇంజినీరింగ్ చేసినవారికి సీడాక్ పీజీ డిప్లొమాలు ఉన్నాయి. వాటిలో ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ కోర్సు ఈ పనికి దగ్గరైనది. ప్రవేశం సీ-క్యాట్ పరీక్ష ద్వారా.

సర్టిఫికెట్లలో రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏకు గుర్తింపు ఎక్కువ. అందులో బిట్ ప్రశ్నలుండవు. నిజమైన యంత్రం ఇచ్చి పని చేసి చూపించమంటారు. 300 మార్కులకు 210 రావాలి. ఉత్తీర్ణులైతే 3 ఏళ్లు చెల్లుతుంది.

డబ్బు లేకుండా మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు చిన్న సర్వర్లు సృష్టించి డెబియన్ గానీ, రాకీ లినక్స్ గానీ వేయండి. ఒకదాన్ని వెబ్ సర్వర్‌గా, మరోదాన్ని డేటాబేస్‌గా మార్చి రెండింటినీ కలపండి. తర్వాత కావాలనే చెడగొట్టండి: డిస్క్ నింపండి, డీఎన్ఎస్ తప్పుగా రాయండి, డేటాబేస్ తీసేయండి. లాగ్ చదివి కారణం పట్టుకోండి. రెడ్ హ్యాట్ లినక్స్ కూడా వ్యక్తిగత అభ్యాసానికి డెవలపర్ ఖాతాతో ఉచితంగా దొరుకుతుంది.

ఫీజు కట్టే ముందు ఏం అడగాలి?

బ్రాడీపేటలో చేరినా, అమీర్‌పేటలో చేరినా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. పూర్తి అధికారం ఉండే ‘రూట్’ ప్రవేశంతో ప్రతి విద్యార్థికీ విడిగా సర్వర్ ఇస్తారా?
2. చెడిపోయిన సర్వర్‌ను బాగుచేసే పరీక్ష పెడతారా?
3. సర్టిఫికెట్ పరీక్ష ఫీజు ఇందులోనే ఉందా, వేరేగా కట్టాలా?
4. ఒక డెమో క్లాసు ల్యాబ్‌లో కూర్చోనిస్తారా?

‘వంద శాతం ఉద్యోగం’ అని చెబితే ఆ హామీని రసీదు మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఫీజు కట్టొద్దు. ముందు ఒక నెల ఇంట్లోనే సాధన చేయండి. రాత్రి పూట కూడా ఫోన్ వస్తే లేచి చూడాల్సిన ఉద్యోగమిది. ఆ నెలలోనే ఈ పని మీకు నప్పుతుందో లేదో తేలిపోతుంది.