ఫిబ్రవరి 22 - కోయిలకుంట్ల

ఒక తేదీని పట్టుకుని చరిత్రలో ఆనాడు జరిగినవన్నీ గుదిగుచ్చడం పత్రికలకు అలవాటు. ఆ తేదీని ఎవరు రాసిపెట్టారన్న ప్రశ్న ఆ పట్టికలలో కనపడదు.

గ్రీకు చరిత్రనే చూడండి. 1821లో, పాత పంచాంగం లెక్కన ఫిబ్రవరి 22న, ఇప్సిలాంటిస్ ప్రూత్ నది దాటి మోల్దావియాలో ప్రవేశించడంతో టర్కీ సుల్తాను మీద తిరుగుబాటు మొదలయింది. కొత్త లెక్కలో అది మార్చి 6. గ్రీకులు ఉత్సవం జరుపుకునేది మాత్రం మార్చి 25న! క్రైస్తవుల పండుగ కూడా అయిన ఆ రోజును 1838లో రాజు ఒట్టో శాసనం ఖాయం చేసింది. తేదీలను కూడా ప్రభుత్వాలే నిర్ణయిస్తాయన్న మాట.

మన రాయలసీమకూ ఒక ఫిబ్రవరి 22 ఉంది. 1847లో ఆ సోమవారం నాడు కంపెనీ ప్రభుత్వం ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసింది. (సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, పారిస్ జనం వీధుల్లోకి వచ్చారు. ఇది కాకతాళీయం, దీనిమీద సిద్ధాంతం కట్టే సాహసం నేను చేయను.)

ఆయన నొస్సం జమీందారు మనుమడు. చేతికి వచ్చే పింఛను నెలకు పదకొండు రూపాయల చిల్లర. నొస్సం వంశానికి ఆగిపోయిన పింఛనులో భాగం అడిగితే ప్రభుత్వం కాదంది. ఇంతవరకే అయితే ఇది ఒక కుటుంబం తగాదా. సరిగ్గా ఆ రోజుల్లోనే కట్టుబడుల మాన్యాలను వెనక్కు లాక్కునే ఆలోచన సాగుతోంది. పాలెగాళ్ళ కాలం నుంచి కావలికి, కత్తిసాముకు ప్రతిఫలంగా ఆ భూమిని అనుభవిస్తున్నవాళ్ళు వాళ్ళు. భూమి పోతుందన్న భయం వాళ్ళను రెడ్డి వెనక నిలబెట్టింది. 1846 జులైలో వాళ్ళు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. గిద్దలూరు దగ్గర వాట్సన్ దళంతో పోరాడారు. ఎర్రమల, నల్లమల కొండలు కొన్ని నెలలు దాచిపెట్టాయి. చివరకు పేరుసోముల దగ్గర కొండమీద రెడ్డి పట్టుబడ్డాడు.

మన స్మారక సభలు జరిగేది ఉరితీసిన రోజున. అది శిక్ష అమలు చేసినవాళ్ళు కాగితం మీద పెట్టిన తేదీ. ఖజానా మీద పడ్డ రోజును మనలో ఎందరు గుర్తుంచుకున్నారు? ఆ కట్టుబడుల పేర్లు ఎందరికి తెలుసు? రెడ్డి పేరును పాట కాపాడింది, 2019లో సినిమా దేశమంతా వినిపించింది. భూమి సంగతి రెంటిలోనూ వెనకబడింది. ఈ వస్తువుమీద కథో నాటకమో రాయదలచినవారు ఆ మాన్యాల దగ్గర మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం.

కర్నూలు జిల్లా మాన్యువల్ ప్రకారం ఆయన తలను కోయిలకుంట్ల కోటలో 1877 దాకా వేలాడదీసే ఉంచారు. ముప్ఫయ్యేళ్ళు. 1877 అంటే సీమను ధాత కరువు దహించిన కాలం. గంజికోసం ఆ దారిన నడిచినవాళ్ళలో, ఆ తల ఎవరిదో పిల్లలకు చెప్పిన ముసలివాళ్ళు ఉండే ఉంటారు.